పక్క చెరువుకి చెప్పారా?

ఈ వారం వట్లూరులో ఓ మందుల కొట్టు బల్ల మీద రొయ్యల వైరస్ జబ్బయిన 'వైట్ స్పాట్‌కు విరుగుడు' అని రాసిన యాంటీబయాటిక్ సీసా చూసి ఒళ్లు మండింది. వైరస్ జబ్బుకి యాంటీబయాటిక్ పోయొద్దని ఇక్కడ రాస్తూనే ఉన్నాను. ఆ మందు బ్యాక్టీరియా గోడనో, దాని ప్రొటీన్ తయారీనో దెబ్బతీస్తుంది. వైరస్‌కు ఆ రెండూ లేవు.

వైట్ స్పాట్ వైరస్‌ది సుమారు 3 లక్షల అక్షరాల డీఎన్ఏ. రొయ్య మొప్పల్లోనో, పెంకు కింది పొరలోనో కణానికి అతుక్కుని లోపలికి దిగుతుంది, డీఎన్ఏని కేంద్రకంలోకి పంపుతుంది. ఇక ఆ కణం సొంత పని మాని వైరస్‌లనే తయారుచేసి చస్తుంది. అన్ని వైరస్‌లూ డీఎన్ఏవే కావు: 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో కోళ్లను చంపిన బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 ఆర్ఎన్ఏ రకం. దాని జన్యువు 8 ముక్కలు. దాని కొత్త వైరస్‌లు కణం పొరనే కప్పుకుని బయటపడతాయి. కోడి ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి కాబట్టి కోళ్ల మరో వైరస్ జబ్బు రాణిఖేత్‌కు టీకా ఉంది. రొయ్యకు యాంటీబాడీలే లేవు.

తొంభైల నడుమ టైగర్ రొయ్యకు వైట్ స్పాట్ తగిలినప్పుడు మా మామయ్యకు భీమవరం దిగువన చెరువు ఉండేది. చెక్ ట్రేలో మేత అలాగే మిగిలింది. రొయ్యలు నీరసంగా గట్టుకు చేరాయి. తల పెంకు ఒలిచి ఎండలో పెడితే తెల్ల చుక్కలు. ఆ రాత్రే పట్టుబడి చేసి, తూము ఎత్తి నీళ్లు డ్రెయిన్‌లోకి వదిలేశారు. దిగువ వాళ్లకు చెబుదామన్నాను. "నోరుమూసుకోరా, బయటికి తెలిస్తే మన సరుకు రేటు పడిపోద్ది" అన్నారు. నాలుగు రోజులు తిరక్కుండా దిగువ చెరువులూ పోయాయి.

2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక వ్యాధి లేని తల్లి రొయ్యలు, సీడ్‌కి పీసీఆర్ పరీక్ష, పీతలు రాకుండా కంచె, పైన పిట్టల వల వాడకం పెరిగింది. ఇవన్నీ చేయండని పోరుతూనే ఉన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ రిపోర్టు జేబులోనే ఉండిపోతే పక్కవాడికి ఒరిగేదేమీ లేదు. సీసా అమ్మేవాడి మీద కోపంతో మొదలెట్టాను గానీ, నష్టం ఎక్కువ చేసేది రాత్రి పూట ఎత్తిన తూమే. తూము ఎత్తిన రైతునూ తిట్టలేను. నిజం చెప్పినందుకు రేటు పోగొట్టుకునేది అతనొక్కడే. అందుకే ఒకే డ్రెయిన్ మీదున్న చెరువుల వాళ్లు పంట వేయకముందే కూర్చుని ఒప్పందం రాసుకోవాలి: జబ్బు తగిలిన చెరువు నీళ్లు బ్లీచింగ్ చేసేదాకా వదలకూడదు, ఆ ఖర్చు అందరూ పంచుకోవాలి, రేటులో తేడా వస్తే అదీ పంచుకోవాలి.