వంతెన దాటే కాళ్లు

ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ ఫిల్ ఫోడెన్ బంతిని అందుకునే తీరును వేగం తగ్గించి చూడాలి. మామూలు వేగంలో అందులో విశేషమేమీ కనిపించదు. బంతి ఇంకా దారిలో ఉండగానే అతని చూపు భుజం మీదుగా వెనక్కి వెళ్లి వస్తుంది, మళ్లీ ఒకసారి వెళ్లి వస్తుంది. ఒళ్లు ముందే సగం పక్కకు తిరిగి ఉంటుంది. బంతి వచ్చాక దాన్ని ఆపడు. ఎడమ కాలి అంచుతో తాకీ తాకనట్టు తాకి, వచ్చిన వేగాన్ని వచ్చినట్టే వాడుకుని కాస్త దారి మళ్లిస్తాడు. వెనక కాచుకున్న డిఫెండర్ కాలు చాపేసరికి అక్కడ బంతీ ఉండదు, ఫోడెనూ ఉండడు. తలుపు గడియ తీసినంత పని. చప్పుడు కూడా రాదు.

జేడన్ సాంచో పనితనం ఇందుకు పూర్తిగా వేరు. అతను బంతిని ఆపుతాడు. కిటుకంతా ఆ ఆపడంలోనే ఉంది. డిఫెండర్‌కు ఎదురుగా వచ్చి, పరుగు తగ్గించి, బంతిని అరికాలి కిందికి తెచ్చుకుని దాదాపు నిలబడిపోతాడు. ఎదుటివాడికి కూడా నిలబడక తప్పదు. ఇక ముందు తొందరపడ్డవాడిదే ఓటమి. సాంచో నడుము ఒక పక్కకు ఊగుతుంది, భుజం ఇంకో పక్కకు. ఎదుటివాడి బరువు ఏదో ఒక కాలి మీద పడే క్షణం కోసం అతను చూస్తుంటాడు. పడిందా, రెండు అడుగుల్లో దాటిపోయినట్టే. దక్షిణ లండన్‌లోని కెన్నింగ్టన్ వీధుల్లో పిల్లలు ఆడుకునే ఆట ఇది. అక్కడ పరిగెత్తడానికి చోటుండదు. ఉన్న గజం జాగాలోనే ఎదుటివాణ్ని బోల్తా కొట్టించాలి.

ఇద్దరూ 2000లో పుట్టారు. ఇద్దరూ మాంచెస్టర్ సిటీ అకాడమీలో ఆడారు. 2017 అక్టోబరులో ఇద్దరూ అండర్-17 ప్రపంచ కప్‌ కోసం ఇంగ్లండ్ జట్టుతో మన దేశానికి వచ్చారు. టోర్నీ ఆరు చోట్ల జరిగింది, అందులో తెలుగు నగరం ఒక్కటీ లేదు. రహీం సాబ్ లాంటి కోచ్‌ను దేశానికిచ్చిన హైదరాబాద్ కూడా టీవీ ముందే కూర్చోవాల్సి వచ్చింది. కోల్‌కతాలో చిలీ మీద మొదటి మ్యాచ్‌లో సాంచో రెండు గోల్స్ కొట్టాడు. గ్రూపు దశ ముగియగానే క్లబ్ అతన్ని వెనక్కి పిలిపించుకుంది. ఆ క్లబ్ అప్పటికి మాంచెస్టర్ సిటీ కాదు, జర్మనీలోని బొరుస్సియా డార్ట్‌మండ్. అక్టోబరు 21న అక్కడి సీనియర్ లీగులో, మ్యాచ్ ఆఖర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. సరిగ్గా వారానికి, 28న, కోల్‌కతాలోని సాల్ట్‌లేక్ స్టేడియంలో 66 వేల మంది ఎదుట ఇంగ్లండ్ కుర్రాళ్లు స్పెయిన్‌కు రెండు గోల్స్ వెనకబడి కూడా 5-2తో గెలిచారు. అందులో రెండు ఫోడెన్‌వి. టోర్నీ ఉత్తమ ఆటగాడి గోల్డెన్ బాల్ కూడా అతనికే దక్కింది.

ఒకడి చేతిలో ప్రపంచ కప్పు, ఇంకొకడి ఖాతాలో పెద్దవాళ్ల మ్యాచ్‌లో కొన్ని నిమిషాలు. ఆ రాత్రి ఎవరినడిగినా ఫోడెనే ముందున్నాడని చెప్పేవాళ్లు. నేనూ అదే అనుకున్నాను.

మాంచెస్టర్ సిటీ అకాడమీ గురించి ఒక మాట చెప్పాలి. 2014 చివర్లో తెరిచిన ఆ ప్రాంగణం 80 ఎకరాలు. పదహారున్నర మైదానాలు. ఆ అర ఏమిటని నవ్వొస్తుంది గానీ లెక్క నిజమే. ఖర్చు దాదాపు 20 కోట్ల పౌండ్లు. అక్కడి నుంచి సీనియర్ జట్టు ఆడే ఎతిహాద్ స్టేడియానికి రోడ్డు మీదుగా ఒక కాలినడక వంతెన కట్టారు. పొడవు 190 మీటర్లు. ముసలాయన చేతికర్ర పట్టుకుని నడిచినా ఐదు నిమిషాల్లో అవతల ఉంటాడు. ఆ అకాడమీలో పెరిగిన కుర్రాళ్లలో ఎక్కువమంది మాత్రం దాన్ని ఎప్పటికీ దాటలేరు. అవతల ఉన్నవాళ్లు కోట్లు పోసి తెచ్చినవాళ్లు, ఒక్కో స్థానానికి ఇద్దరేసి. పదిహేడేళ్లవాడు తప్పు చేసి నేర్చుకోవడానికి ఖాళీగా ఉన్న మ్యాచ్ ఒక్కటీ కనిపించదు.

కుర్రాళ్లకు వేరే లీగు లేకపోలేదు. అక్కడ మైదానం బల్లపరుపుగా ఉంటుంది, బంతి ముచ్చటగా కదులుతుంది. లేనిది ఒక్కటే, భయం. ఓడినా ఎవరి కొంపా మునగదు.

సాంచో 2017 వేసవిలో సిటీ ఇచ్చిన కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. డార్ట్‌మండ్ అతనికి 7వ నంబరు చొక్కా ఇచ్చింది. అది అప్పుడే పది కోట్ల యూరోలకు పైగా పలికి బార్సిలోనాకు వెళ్లిన ఉస్మాన్ డెంబెలే విడిచిన చొక్కా. ఆ క్లబ్ వ్యాపారమే అది. కుర్రాళ్లను తెచ్చి, ఆడించి, అమ్ముతుంది. ఇందులో దయాధర్మాలేమీ లేవు. కానీ అమ్మాలంటే ఆడించాలి కదా. కుర్రాడికి అంతకు మించిన పూచీకత్తు ఎక్కడ దొరుకుతుంది?

పెద్దల ఆట సాంచో కాళ్లకు నేర్పిన కొత్త విద్యేమీ లేదు. ఉన్న విద్యలో ఎక్కడ ఆపాలో నేర్పింది. వీధిలో ఆడే పిల్లాడు ఒకణ్ని దాటాక సరదాకి మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి దాటుతాడు. జర్మనీ సీనియర్ లీగు బుండెస్‌లీగాలో రెండోసారి దాటబోతే పక్క నుంచి ఇంకొకడొచ్చి చీలమండ మీద తంతాడు. అలాంటివి నాలుగు తగిలాక, దాటిన మరుక్షణమే తల ఎత్తడం అలవాటవుతుంది. 2018-19 సీజన్లో అతను 12 గోల్స్ కొట్టాడు, 14 గోల్స్‌కు పాస్ అందించాడు. నాకు ఆ రెండో అంకె ముఖ్యం. దాటడం అతనికి ముందే వచ్చు. దాటాక బంతిని వదిలేయడం, అదీ సరైన వేగంతో, సరైన కాలికి, పద్దెనిమిదేళ్లకే వచ్చింది.

అదే కాలంలో ఫోడెన్ ఏం చేస్తున్నాడు? కూర్చున్నాడు. 2017-18లో ప్రీమియర్ లీగులో ఆడింది 5 మ్యాచ్‌లు, అన్నీ సబ్‌స్టిట్యూట్‌గానే. జట్టు లీగు గెలిచింది కాబట్టి పదిహేడేళ్లకే విజేత పతకం మెడలో పడింది. లీగు మ్యాచ్‌ను మొదటి నిమిషం నుంచి ఆడే అవకాశం 2019 ఏప్రిల్ దాకా రాలేదు. అప్పటికి సాంచో జర్మనీలో రెండో సీజన్ ముగిస్తున్నాడు. ఫోడెన్‌ను లోన్ మీద వేరే క్లబ్‌కు పంపమని విమర్శకులు గోల పెట్టారు. కోచ్ గార్డియోలా పంపలేదు. సీనియర్ మిడ్‌ఫీల్డర్ డేవిడ్ సిల్వా పక్కనే రోజూ సాధన చేయించాడు. గురువు వెనక తంబురా పట్టుకుని ఏళ్లతరబడి కూర్చునే శిష్యుడు గుర్తొస్తాడు నాకు. కచేరీ అతనిది కాదు. కానీ ఏ సంగతి ఎక్కడ వేశారో, ఎక్కడ వేయకుండా వదిలేశారో చెవిలో పడుతూనే ఉంటుంది. మన సంగీతంలోనూ రెండు దారులూ ఉన్నాయి. బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లకే విజయవాడలో త్యాగరాజ ఆరాధన వేదిక ఎక్కి పూర్తి కచేరీ చేసినవాడు. ఆయన్ను చూపించి అందరినీ ఎనిమిదేళ్లకు వేదిక ఎక్కించలేం, తంబురా శిష్యుణ్ని చూపించి అందరినీ వెనక కూర్చోబెట్టనూలేం.

ఫోడెన్‌కు ఖాళీ దొరికితే తండ్రితో కలిసి చేపలు పట్టడం ఇష్టమట. గాలం వేసి కూర్చోగలిగేవాడికే ఆ ఓపిక సరిపోయిందనుకుంటాను. ఆ ఓపిక ఇప్పుడు అతని ఫస్ట్ టచ్‌లో కనిపిస్తుంది. అందులో దుబారా లేదు. ఆటకు పది నిమిషాలే దొరికే కుర్రాడు బంతిని మూడుసార్లు తాకి వృథా చేసుకోలేడు మరి. 2019 ఏప్రిల్ 20న టాటెన్‌హామ్ మీద అతని తొలి లీగు గోల్ తలతో కొట్టింది. ఆ మ్యాచ్ 1-0. ఆ ఏడు సిటీ లివర్‌పూల్ కన్నా ఒకే ఒక్క పాయింటు ఎక్కువతో లీగు గెలిచింది. 2023-24 నాటికి ఫోడెన్ 19 లీగు గోల్స్‌తో ప్రీమియర్ లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు.

ఇక్కడితో ఆపితే ఇది ఇద్దరి కథ. జూడ్ బెల్లింగం దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. ఎందుకంటే అతను పెరిగింది డబ్బున్న అకాడమీలో కాదు, బర్మింగ్‌హామ్ సిటీలో. తండ్రి పోలీసు సార్జెంటు, కింది స్థాయి లీగుల్లో వందల గోల్స్ కొట్టిన స్ట్రైకర్. కొడుక్కేమో చిన్నప్పుడు 10వ నంబరు ఆటగాడు కావాలని కోరిక. అకాడమీ కోచ్ మైక్ డాడ్స్ అతనికి ఒక కూడిక చెప్పాడు. ఎదుటివాళ్ల దాడిని విరగ్గొట్టే 4, ఈ కొస నుంచి ఆ కొసకు అలుపు లేకుండా తిరిగే 8, గోల్‌కు దారి వెతికే 10. మూడూ కలిపితే 22. ఏదో ఒకటి ఎంచుకోవద్దు, మూడూ నేర్చుకో అని. అందుకే అక్కడ అతను వేసుకున్న చొక్కా మీద 22. శిక్షణ గురించి రాసిన లావుపాటి పుస్తకాలు చాలా ఉన్నాయి గానీ, పిల్లాడికి అర్థమయ్యేలా ఇంత పొట్టిగా చెప్పిన పాఠం నాకింకోటి తెలియదు.

2019 ఆగస్టు 6న పోర్ట్స్‌మత్‌లో బర్మింగ్‌హామ్ తరఫున దిగినప్పుడు అతని వయసు 16 ఏళ్ల 38 రోజులు. 1970 నుంచి ట్రెవర్ ఫ్రాన్సిస్ పేరు మీదున్న, అతి చిన్న వయసు ఆటగాడి క్లబ్ రికార్డు పోయింది. ఆ సీజన్లో 41 లీగు మ్యాచ్‌లు ఆడాడు. అది ఇంగ్లండ్ రెండో అంచె లీగు. 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు, వారం మధ్యలో వానలో కూడా ఆట. చివరి మూడు జట్లు కిందికి జారిపోతాయి. బర్మింగ్‌హామ్ 20వ స్థానంలో బతికి బయటపడింది. ఇంటి అప్పు వాయిదాలు కట్టుకోవాల్సిన ముప్ఫై ఏళ్ల డిఫెండర్లు పదహారేళ్ల పిల్లాడని జాలి చూపరు.

అక్కడ నేర్చిందేమిటో అతని నడుములో కనిపిస్తుంది. బంతి కోసం ఎవడైనా మీదికొస్తుంటే బెల్లింగం తప్పుకోడు. వాడికన్నా అర క్షణం ముందు తానే వాడి మీదికి ఆనుకుంటాడు. మోకాళ్లు కాస్త వంచి, ముంజేయి అడ్డం పెట్టి, బంతిని అవతలి కాలికి మార్చుకుంటాడు. వాడు తోస్తాడు. ఆ తోపుతోనే ఇతను తిరిగిపోతాడు. ఫోడెన్ బంతి వేగాన్ని అప్పు తీసుకుంటే ఇతను ఎదుటివాడి బలాన్నే అప్పు తీసుకుంటాడు. ఈ విద్య బల్లపరుపు మైదానంలో, తోటి కుర్రాళ్ల మధ్య వచ్చేది కాదు. అక్కడ అంత గట్టిగా తోసేవాడే ఉండడు.

2020లో మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని పిలిచి శిక్షణ మైదానం చూపించింది. ఆ క్లబ్ మాజీ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ అంతటివాడు వచ్చి కలిశాడు. బెల్లింగం డార్ట్‌మండ్‌కే వెళ్లాడు. ఆడిస్తారన్న నమ్మకం ఎక్కడుందో అక్కడికి. దాదాపు రెండున్నర కోట్ల పౌండ్లు బర్మింగ్‌హామ్‌కు వచ్చాయి. డబ్బుకు కటకటలాడుతున్న ఆ క్లబ్ 22వ నంబరును ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. ఒక్క సీజన్ ఆడిన కుర్రాడికి ఇంత మర్యాదా అని లోకం నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మూడేళ్ల తర్వాత రియల్ మాడ్రిడ్ అతన్ని 10.3 కోట్ల యూరోలకు కొని, మిడ్‌ఫీల్డర్‌గా ఆడించి, మొదటి ఏడాదే 19 లీగు గోల్స్ రాబట్టుకున్నాక ఆ నవ్వు మింగేశాను.

సాంచో కథ అంత సాఫీగా సాగలేదు. 2021లో 7.3 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాక ఆట పూర్తిగా మసకబారింది. త్వరగా బరిలోకి దిగినవాడు త్వరగా అలసిపోతాడని చెప్పేవాళ్లకు అతనొక ఉదాహరణ అయ్యాడు. ఆ వాదన నాకు అంతగా రుచించదు. 2024లో లోన్ మీద డార్ట్‌మండ్‌కు తిరిగొచ్చి, చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్లో పారిస్ జట్టు ఎడమ పక్కను సాయంత్రమంతా ఉతికి ఆరేశాడు. అదే ఆపడం, అదే నడుము ఊపు, బరువు పడేదాకా అదే ఓపిక. కాళ్లు ఏదీ మరిచిపోలేదు. ఫైనల్లో ఎదురైంది బెల్లింగం ఉన్న మాడ్రిడ్. డార్ట్‌మండ్ 0-2తో ఓడింది.

కోల్ పామర్‌ది ఇంకో దారి. ఎనిమిదేళ్ల లోపే సిటీలో చేరి, ఇరవై ఒకటో ఏట దాకా ఆ వంతెన దగ్గరే మసిలాడు. అవతలికి వెళ్తూ వస్తూ ఉన్నాడు గానీ అక్కడ స్థిరపడలేదు. 2023 సెప్టెంబరు 1న చెల్సీకి వెళ్లిపోయాడు. ఆ సీజన్లోనే 22 లీగు గోల్స్ కొట్టాడు. ఆలస్యమైందనాలా, సమయానికే వెళ్లాడనాలా?

2024 జులై 14, బెర్లిన్, యూరో ఫైనల్. ఇంగ్లండ్ జట్టులో సాంచో లేడు. ఫోడెన్, బెల్లింగం మొదటి నుంచీ ఆడుతున్నారు. స్పెయిన్ తొలి గోల్‌కు పాస్ ఇచ్చింది ముందు రోజే పదిహేడు నిండిన లమీన్ యమాల్. వాడికి ఉండాలా, వెళ్లాలా అనే ఈ ఎంపిక గొడవే లేదు. అప్పుల్లో ఉన్న బార్సిలోనాకు కొనుక్కొచ్చే స్తోమత తగ్గడంతో అకాడమీ పిల్లాడికి పదిహేనో ఏటే తలుపు తెరుచుకుంది. 70వ నిమిషంలో పామర్ దిగాడు. స్పెయిన్ చివర్లో ఇంకో గోల్ కొట్టి 2-1తో కప్పు పట్టుకుపోయింది, అది వేరే సంగతి. నేను పదేపదే చూసేది 73వ నిమిషం.

కుడి పక్క నుంచి ఇంగ్లండ్ వింగర్ సాకా బంతిని బాక్సులోకి పంపాడు. అందుకున్నది బెల్లింగం. చుట్టూ స్పెయిన్ డిఫెండర్లు మూగుతున్నారు, తిరిగి కొట్టేందుకు చోటు లేదు. ఒకే ఒక్క టచ్‌తో బంతిని వెనక్కి వదిలాడు. బలంగా కాదు. పామర్ పరుగెత్తుకొచ్చేసరికి అతని ఎడమ కాలి ముందు సిద్ధంగా ఉండేంత మెత్తగా వదిలాడు. పామర్ అడుగు సవరించుకోలేదు, బంతిని ఆపనూ లేదు. నేలబారుగా, తొందర లేకుండా కొట్టాడు. గోల్‌కీపర్ చాపిన చేతికి అందకుండా బంతి కింది మూలకు దొర్లిపోయింది.