కోసిన ఫైలుకు తేదీ

ఘాజియాబాదులో హాపూర్ రోడ్డుననున్న సీబీఐ అకాడమీ ముందునుండి పోవునప్పుడెల్ల నాకొక చుట్టరికము స్ఫురించును: పరిశోధకుఁడు ఫైలుమీఁది కాలమును నమ్మి వాదము నిర్మించును, ఆ కాలమును లిఖించు ప్రోగ్రామును మావంటివారు వ్రాయుదురు.

ఫైలును ట్రంకేట్ చేయుట యనఁగా పొడవు తగ్గించి, తెగిన బ్లాకులను ఖాళీల పద్దునకు మరల్చుటయే యని క్రొత్తవారు తలఁతురు. పొలములో సగము విక్రయమై, అడంగలులో విస్తీర్ణము తగ్గియు, మార్పు తేదీ మాత్రము పాతదే నిలిచినచో తగవెట్లు పుట్టునో తెలుగువారికిఁ జెప్పనక్కఱలేదు. అట్లే ఫైలు వివరములనుంచు ఐనోడునందు పరిమాణము మాఱినప్పుడు, లోని సమాచారము మాఱిన వేళను తెల్పు ఎంటైమును, ఐనోడే మాఱిన వేళను తెల్పు సీటైమును గూడ మాఱవలయును. రూటు గానివాఁడు కోసినచో సెట్‌యూఐడీ బిట్టు సయితము తొలఁగవలయును, ఏలయన పరులు కోసిన ప్రోగ్రామునకు యజమాని యధికారము మిగులుట ప్రమాదము.

అసలు చిక్కు పొడవు మాఱనప్పుడు వచ్చును. 1983లో 4.2బీఎస్‌డీతో వెలువడిన తోఁబుట్టువులైన సిస్టమ్ కాల్‌లు ట్రంకేట్, ఎఫ్‌ట్రంకేట్. లినక్సులో పేరుతోఁ బిలుచు ట్రంకేటునకు ఉన్న పొడవునే మరల నిచ్చినచో కాలములు కదలనక్కఱలేదు. తెఱచిన ఫైలుపై ఎఫ్‌ట్రంకేట్ అదే పని చేసిన కదలును. కారణమేమనఁగా, రెండవదానికి, ఫైల్‌సిస్టములకుఁ బైనున్న కెర్నెలు పొరయగు వీఎఫ్ఎస్ పరిమాణముతోపాటు కాలముల గుర్తులనుగూడ పంపును; మొదటిదానికి పరిమాణమును మాత్రమే పంపి, తక్కిన వివేచనను ఫైల్‌సిస్టమునకే విడుచును. ఎక్స్‌ఎఫ్‌ఎస్ వ్రాసినవారు ఈ భేదమును ప్రత్యేకముగ వ్యాఖ్యలో చెప్పి మఱీ పాటించిరి. ఒక్క పనికి రెండు తీర్పులుండుట నాకు రుచింపదు. కాని వాడుకలో స్థిరపడినదానిని తలక్రిందులు చేయుట యంతకంటె చెఱుపు. గుర్తు రాలేదుగదా యని, పొడవు నిజముగ మాఱినప్పుడు సైతము కాలమును ముట్టకుండ విడిచిన ఫైల్‌సిస్టము మాత్రము తప్పు చేసినట్లే.

క్రమమును ముఖ్యమే. వేసవిలో కరెంటు పోవుట మా యూరికి వింత గాదు గనుక ఈ మాట నాకు బాగుగఁ దెలియును. ఈఎక్స్‌టీ4 ముందుగా ఐనోడును ఆర్ఫన్ జాబితాలోఁ జేర్చి, క్రొత్త పొడవును జర్నల్ వ్యవహారమున వ్రాసి, ఆ పిమ్మటనే బ్లాకులను విడుచును. నడుమ యంత్రమాఁగినను తరువాతి మౌంటులో మిగిలిన కోఁత పూర్తియగును.

ఎంటైమును టచ్ కమాండుతో ఫైలు యజమాని వెనుకకుఁ ద్రిప్పగలఁడు. సీటైమును కోరిన విలువకు దిద్దుటకు సిస్టమ్ కాల్ లేదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమపు 63వ సెక్షను ధ్రువపత్రము హ్యాష్ విలువను అడుగును. ఆ విలువ ఫైలు మాఱినదని చెప్పును గాని, ఎప్పుడు మాఱినదో చెప్పదు. కావున ఫైల్‌సిస్టములు వ్రాయు మిత్రులారా, పొడవు మాఱినప్పుడును మాఱనప్పుడును, రెండు కాల్‌లతోను, ఫైలు కాలములను చూపు స్టాట్ ముందొకసారి వెనుకొకసారి తీసి చూచిన పిమ్మటనే మీ కోడును పంపుఁడు.