మనసుల పద్దు

ఒక మనుష్యుని అంతరంగము ఏ పక్షమునకు మొగ్గియున్నదో తెలుపుటకు జర్మను భాషలోనున్న పదసంపద, సాయంకాలముల నిఘంటువును ముందిడికొని ఆ భాషను అభ్యసించు నాకు, మొదట విస్మయమును, పిదప ఒకింత భయమును గలిగించినది. 'మైనుంగ్' అప్పటికప్పుడు పుట్టి మాసిపోవు అభిప్రాయము. 'హాల్టుంగ్' నలుగురిలో నిలబడు తీరు. 'గెజిన్నుంగ్' అన్ననో, నోరు విప్పకున్నను మనిషిలో వేరుపాఱియున్న నిష్ఠ. తత్త్వవేత్త కాంటు 1790లో ప్రయోగించిన 'వెల్టాన్‌షౌవుంగ్' అనగా లోకదృష్టి; అది దేశదేశముల తిరిగి అందఱికిని చుట్టమైనది గనుక దాని నట్లుంచెదను.

పండితులు కల్పించిన మాటలకంటె కచేరీలు కల్పించిన మాటలే నన్నెక్కువగా ఆకర్షించును. రెండవ ప్రపంచయుద్ధానంతరము జర్మనీలో అమెరికా సేనల యేలుబడిలోని మండలమున, పదవులలో నున్నవారును పదవులు గోరువారును నాజీలతో తమకు గల సంబంధమును గూర్చి 131 ప్రశ్నలు గల పత్రమును పూరింపవలసివచ్చెను. 1946 నాటి శాసనము ననుసరించి విచారణసభలు జనులను ప్రధానాపరాధులు మొదలు నిర్దోషుల వఱకు ఐదు తరగతులుగా విభజించెను. నాలుగవ తరగతికి 'మిట్‌లాయ్ఫర్' అని పేరు: గుంపు పరుగెత్తగా తానును వెంట పరుగెత్తినవాడు. తప్పును తేలిక చేయుటకు ఇంతకంటె చల్లని మాట దొరకదు. పెక్కుమంది క్రమముగా ఈ నీడనే చేరిరి. అట్లు చేరుటకై చర్చి గురువో ఇరుగుపొరుగువారో వ్రాసియిచ్చు యోగ్యతాపత్రమునకు జనులు బట్టల సబ్బుపొడి పేరు తగిలించి 'పెర్జీల్‌షైన్' అని నవ్వుకొనిరి. శాసనకర్తల పరిభాషకంటె ఈ వెక్కిరింతయే నాకు నిజమునకు దగ్గఱగా తోచును.

ఇట్టి సాక్ష్యములకై యుద్ధానంతరము పలువు రాశ్రయించినవారిలో డ్రెస్డెను ఆచార్యుడు విక్టర్ క్లెంపరర్ ఒకడు. యూదు వంశజు డగుటచే 1935లో కొలువు పోగొట్టుకొని, గ్రంథాలయ ప్రవేశము సైతము నిషేధింపబడగా, ఆయన నాజీ పాలకుల మాటలను రహస్యముగా దినచర్యలో వ్రాసికొనెను. దొరకినచో ప్రాణాపాయమని యెఱిగియు భార్య ఆ కాగితములను పిర్నాలోని వైద్యురాలి యింట దాచివచ్చుచుండెడిది. 1947లో వెలువడిన ఆయన గ్రంథమును చదివిన, 'ఫనాటిష్' అను నిందావాచకము నాజీల పన్నెండేండ్ల యేలుబడిలో ప్రశంసగా మాఱిన వైనము తెలియును: మూఢాభినివేశమే వీరగుణమైనది.

'క్వేర్‌డెంకర్'ది ఇందుకు విపరీతగతి. పదుగురి దారి విడిచి ఆలోచించు స్వతంత్రుడని ఒకప్పుడు మెచ్చుకోలుగా వాడిన యీ మాటను, 2020లో ష్టుట్‌గార్టున కరోనా ఆంక్షల నెదిరించినవారు తమ ఉద్యమమునకు పేరుగా పెట్టుకొనగా, నేడు దానితో ఒకరిని పొగడుటకు పలువురు వెనుదీయుదురు. నా పుస్తకమున ఇట్టి పదము చేరినపుడెల్ల, అర్థముకంటె ముందు ఎవరన్నది, ఏ యేట నన్నది వ్రాసికొనుచున్నాను. క్వేర్‌డెంకరునకు ఇప్పటికే రెండు వరుసలు పట్టినవి.