ఇల్లు మారే సూర్యదేవత

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మన పెద్దలు. ఒక్క ఇల్లు లేపేసరికే నడుం వంగిపోతుందని దాని భావం. జపాన్‌లోని ఇసే వాళ్లు మాత్రం ఒకే ఇంటిని 62 సార్లు కట్టారు. 63వ సారి కట్టే పని 2025లో మొదలైంది. ఆ ఇల్లు సూర్యదేవత అమతెరాసుది.

ఇసేలో గుళ్లు ప్రధానంగా రెండు. ఇసుజు నది ఒడ్డున నైకూ అనే లోపలి గుడిలో అమతెరాసు కొలువుంటే, గెకూ అనే బయటి గుడి అన్నపానాల దేవత తొయోఉకెది. ఇరవై ఏళ్లకోసారి పాత గుడి పక్కనే అచ్చంగా అలాంటిదే కొత్తది కట్టి, దేవతను అందులోకి మార్చి, పాతది విప్పేస్తారు. దీన్ని షికినెన్ సెంగూ అంటారు. నైకూలో మొదటిసారి ఇది జరిగింది జితో మహారాణి కాలంలో, 690లో. ప్రతి గుడికీ రెండు స్థలాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో గుడి ఉంటే రెండోది గులకరాళ్లు పరుచుకుని ఖాళీగా, తన వంతు కోసం చూస్తూ ఉంటుంది.

ఆ కట్టడం తీరు బౌద్ధం తెచ్చిన వాస్తు కంటే పాతది, ధాన్యపు గాదెల నుంచి వచ్చినది. పునాది రాయి ఉండదు. హినోకి మాను స్తంభాలను నేరుగా భూమిలో పాతుతారు. నేల మట్టానికి ఎత్తులో గది, పైన దట్టమైన గడ్డి కప్పు, కొప్పు మీద అడ్డంగా పేర్చిన దుంగలు. ఆ దుంగలు నైకూకి పది, గెకూకి తొమ్మిది. రంగు లేదు, వార్నిష్ లేదు. చిత్రిక పట్టిన చెక్క నునుపే దానికి అలంకారం. మట్టిలో పాతిన చెక్కకు చెద తప్పదు, వానకు తడిసే గడ్డికి కుళ్లు తప్పదు. ఎన్నాళ్లో నిలవని తీరులో కట్టారు కాబట్టే మళ్లీ మళ్లీ కట్టాల్సి వస్తోంది.

పని అడవిలో మొదలవుతుంది. కిసో కొండల్లో దాదాపు మూడు వందల ఏళ్ల హినోకి చెట్లను ఎంచుతారు. పవిత్రమైన మొదటి చెట్లకు రంపం తగలనివ్వరు. మొదలు చుట్టూ మూడు వైపుల నుంచి గొడ్డళ్లతో లోపలికి నరుక్కుంటూ పోతారు. నడిమి భాగమంతా డొల్లవుతుంది. చివరికి మాను అంతా మూడు కాళ్ల మీద నిలబడినట్టు మూడే చెక్క పట్టీల మీద ఆగుతుంది. చెట్టు నిద్రపోబోతోందని కేక వేసి చివరి పట్టీని నరుకుతారు. ఇలా చేస్తే మాను నిలువునా చీలదు, అనుకున్న వైపే ఒరుగుతుంది. తర్వాత ఆ చెట్టు కొమ్మనే మోడులో గుచ్చి, తీసుకున్నందుకు అడవికి నమస్కరిస్తారు.

ఒక్క విడతకు పదివేలకు పైగా దుంగలు కావాలి. కొన్నింటిని ఊరి జనమే తాళ్లు కట్టి, పాటలు పాడుతూ వీధుల్లోనూ నదిలోనూ లాగుతారు. వడ్రంగి చేతికి వచ్చేలోపు దుంగలు చెరువు నీళ్లలో నాని, ఆపైన ఆరాలి. సన్నాహాలకే ఎనిమిదేళ్లు పడుతుంది. కట్టడంతో పాటు దేవత బట్టలు, కత్తులు, మగ్గాలు కలిపి 714 రకాల వస్తువులు, మొత్తం 1,576 కొత్తగా చేయాలి. ఒక కత్తి పిడికి తోకి అనే కొంగజాతి పక్షి ఈకలు చుట్టాలి. జపాన్ గడ్డ మీద పుట్టిన చివరి తోకి 2003లో చనిపోయింది. పక్షిని కాపాడుకోకపోతే కత్తి కూడా ఉండదన్న సంగతి అలా తెలిసొచ్చింది.

దేవత మారేది రాత్రి పూట. దీపాలన్నీ ఆర్పేస్తారు. చీకట్లో ఒక పూజారి మూడుసార్లు కోడికూత కూస్తాడు. గుహలో దాక్కున్న అమతెరాసును బయటికి రప్పించడానికి కోళ్లను కూయించారన్న పురాణ కథకు గుర్తు అది. తెల్లని పట్టు తెరల చాటున దేవత కొత్త ఇంటికి నడుస్తుంది. 2013లో నైకూలో అక్టోబరు 2న, గెకూలో అక్టోబరు 5న ఇది జరిగింది.

పాత కలప వృథా కాదు. కొప్పును మోసిన స్తంభాలు ఉజి వంతెన దగ్గర తోరణాలవుతాయి. ఇరవై ఏళ్లయ్యాక అవే సెకి, కువానా ఊళ్లలో మళ్లీ తోరణాలుగా నిలుస్తాయి. మిగిలిన కలప దేశంలోని ఇతర గుళ్లకు వెళ్తుంది.

ఈ ఆచారం ఎన్నడూ తెగలేదనుకుంటే పొరపాటు. 15, 16 శతాబ్దాల అంతర్యుద్ధాల్లో 120 ఏళ్లకు పైగా ఆగిపోయింది. కెయికోయిన్ మఠపు బౌద్ధ సన్యాసినులు ఊరూరా తిరిగి చందాలు పోగుచేస్తేనే మళ్లీ నిలబడింది. రెండో ప్రపంచయుద్ధంలో ఓటమి తర్వాత ప్రభుత్వ ధనం ఆగింది. 1949లో జరగాల్సింది జనం విరాళాలతో 1953లో జరిగింది.

అయితే ఇది పాత గుడేనా, కొత్తదా? దీనికి నారాలోని హోర్యూజి ఆలయాన్ని పక్కన పెట్టి చూడాలి. అక్కడ సుమారు 1,300 ఏళ్ల నాటి కలపే నిలిచి ఉంది. ఇసేలో కలప నిలవలేదు, పనితనం నిలిచింది. ఇరవైల్లో పనిముట్లు అందించిన కుర్రాడు నలభైల్లో మేస్త్రీ అవుతాడు, అరవైల్లో పక్కన నిలబడి చెబుతాడు. ఇరవై ఏళ్ల గడువు ఒక మనిషి జీవితంలో మూడుసార్లు పడుతుంది. పుస్తకంలో రాసిపెట్టలేని విద్య చేతి నుంచి చేతికి దిగడానికి అది చాలు.

ఇసే అడవిలో హినోకి చెట్లు పెంచడానికి 1923లో 200 ఏళ్ల ప్రణాళిక వేశారు. ఆ చెట్లు పెద్ద స్తంభాలకు పనికొచ్చినప్పుడు వాటిని చెక్కబోయే వడ్రంగులు ఇంకా పుట్టలేదు.