మామిడి పూసింది

ఏడో తరగతి నోటు పుస్తకాల్లో 'మా ఊరు' వ్యాసాలు దిద్దుతుంటే అన్నీ ఒకే చెయ్యి రాసినట్టుంటాయి. మా ఊరు రెడ్డిగూడెం. మా ఊరు చాలా అందమైన ఊరు. మా ఊళ్లో పచ్చని మామిడి తోటలు ఉన్నాయి. వాక్యాన్ని ఇంకాస్త పెంచి రాయమంటే పిల్లలు ముందుగా చేసే పని విశేషణం తగిలించడం. 'పచ్చని' పక్కన 'ఎత్తైన' చేరుతుంది, దాని పక్కన 'అందమైన'. ఆ మాటలన్నీ కొట్టేసి చూడండి, చదివేవాడికి తెలియకుండా పోయేదేమీ ఉండదు. వాక్యం పొడుగైందే తప్ప పెరగలేదు.

వాక్యం పెరగాలంటే దాన్నెవరో ప్రశ్న అడగాలి. నల్లబల్ల మీద 'మామిడి పూసింది' అని రాసి, పిల్లల్నే అడగమంటాను. ఏ మామిడి? ఎవరి తోటలో? ఎప్పుడు? నూజివీడు చుట్టుపక్కల పల్లెల్లో ఈ ప్రశ్నలకు జవాబు తెలియని పిల్లలు అరుదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి నూజివీడు ఏలూరు జిల్లాలోకి, రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి పోయినా కాయకు పేరు నూజివీడుదే. బంగినపల్లికీ కలెక్టరు కాయకీ, చిన్నరసానికీ పెద్దరసానికీ తేడా వీళ్లకు ఆకు చూస్తేనే తెలుస్తుంది. కానీ నోటు పుస్తకం తెరవగానే అవన్నీ కలిసి 'మామిడి చెట్లు' అయిపోతాయి.

ప్రశ్నలు పడ్డాక ఒక అమ్మాయి చెప్పిన వాక్యం ఇది: "మా బాబాయి గుత్తకు తీసుకున్న తోటలో చిన్నరసాలు ఈ ఏడు సంక్రాంతి దాటితే గానీ పూయలేదు." ఇందులో 'అందమైన' అన్న మాట ఎక్కడా లేదు. 'గుత్తకు తీసుకున్న' అనడంతో పూత రాకపోతే నష్టం ఎవరిదో తెలిసిపోయింది. 'దాటితే గానీ' అన్నచోట ఆ ఇంట్లోవాళ్లు ఎంత ఎదురుచూశారో వినిపిస్తోంది. అంతకన్నా నన్ను ఆపేసిన సంగతి, నేను రాసిన 'పూసింది' ఆమె దగ్గరికి వచ్చేసరికి 'పూయలేదు' అయింది. పూసిందన్న సంగతినే ఆలస్యంగా పూసిందన్న దిగులుతో చెప్పాలంటే తెలుగులో క్రియ అలాగే మారాలి. ఇది ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.

ఎందుకు పూయలేదని అడిగితే వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది: "డిసెంబర్లో వానలు పడి చెట్లన్నీ చిగురేశాయి సార్." పూతకు ముందు మామిడికి బెట్ట కావాలి, చలి కావాలి. ఆ రోజుల్లో నేల తడిస్తే చెట్టు పూత మానేసి చిగురుకు పోతుంది. వ్యవసాయ శాస్త్రం చెప్పే మాటే అది, 'పడి' అన్న ఒక్క క్రియలో ఇమిడిపోయింది. వాన పడి చిగురేశాయి. 'పడి' అంటే పడ్డాక అనీ, పడ్డందువల్ల అనీ.

ఇదే పిల్లవాడు పరీక్ష కాగితం మీద ఏం రాస్తాడో నాకు తెలుసు. 'వానలు పడ్డాయి మరియు చెట్లు చిగురించాయి.' మాట్లాడేటప్పుడు మన పిల్లలెవరూ 'మరియు' అనరు. కోసి, కోస్తూ, కోస్తే, కోసినా: ఒక్క ధాతువుకు ఈ నాలుగు చివరలు తగిలించి ముందు వెనకలూ, ఏకకాలమూ, షరతూ, ఎదురుదెబ్బా అన్నీ చెప్పేస్తారు. "తేనెమంచు పురుగుకు మూడుసార్లు మందు కొట్టినా పూత మాడిపోయింది" అని రైతు బిడ్డ నోటి వెంట దొర్లినట్టు వస్తుంది. ఈ చివరలకు మన వ్యాకరణంలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లున్నాయి. పిల్లలకు ఆ పేర్లు అప్పజెప్పడం వచ్చు. మందు కొట్టినా మాడిన పూత సంగతి ఆ చివరలతోనే రాయవచ్చని మాత్రం తట్టదు.

పెద్దలు కూడా వాక్యం దగ్గరికి ఆలస్యంగానే వచ్చారు. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలుంటే వాక్యానికంటూ ఒక పరిచ్ఛేదం లేదు. సంధి, సమాసం, క్రియ, కృదంతం ఉన్నాయి. వాక్యం ఎలా కడతామో, ఒక వాక్యం మరొక వాక్యంలో ఎలా ఒదుగుతుందో చేకూరి రామారావుగారు 'తెలుగు వాక్యం'లో విప్పి చూపింది 1975లో.

వాక్యాన్ని ప్రశ్నలతో పెంచే పని అమెరికాలోనూ చేస్తున్నారు. న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లోని న్యూ డార్ప్ హైస్కూలు గురించి 2012లో పెగ్ టైర్ 'ది అట్లాంటిక్' పత్రికలో రాశారు. అక్కడి పిల్లలకు మన 'అయినా' లాంటి మాటలతో వాక్యం కట్టడం రావడం లేదని గుర్తించి, జూడిత్ హాక్‌మన్ పద్ధతిలో మొదటి నుంచీ నేర్పారు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అని అడిగి చిన్న వాక్యాన్ని పెంచడం అందులో ముఖ్యమైన అభ్యాసం. ప్రశ్నలు మనకూ పనికొస్తాయి. కానీ మన పిల్లలకు 'అయినా' నేర్పనక్కర్లేదు. నోట్లో ఉన్నదాన్ని కాగితం మీదికి రానిస్తే చాలు.

తెలుగులో ఒక చిక్కు ఉంది, దాన్ని దాచను. ఇంగ్లీషువాడు క్రియ చెప్పేసి తర్వాత ఎన్నయినా తగిలించుకుంటాడు. మనకు క్రియ చివరకు వస్తుంది. పెంచినదంతా కర్తకూ క్రియకూ మధ్య చేరుతుంది. 'మా నాన్న' అని మొదలుపెట్టి చిక్కంతో కోయించి, సొన కారనిచ్చి, గడ్డి పరిచి, ఆటోకెత్తి, నున్న మార్కెట్టుకు తోలి, దళారి చెప్పిన ధర విని, బేరమాడలేక అని సాగదీస్తే, 'అమ్మాడు' వచ్చేసరికి ఎవరు అమ్మారో మరిచిపోతాం. అందుకే పెంచాక పైకి చదివిస్తాను. ఊపిరి అందకపోతే ఎక్కడ విరవాలో వాళ్లే చూపిస్తారు. ఒకబ్బాయి ఈదురుగాలి గురించి నాలుగు వరుసల వాక్యం రాసి, దాని కింద 'కాయంతా రాలింది' అని విడిగా పెట్టాడు. దాన్నీ పెంచమని పక్కవాడు పోరితే ఒప్పుకోలేదు. నేనూ పెంచమనలేదు.

ప్రశ్నపత్రాలు తయారుచేసే మాస్టర్లకు నా విన్నపం ఒకటి. ఇచ్చిన రెండు వాక్యాలను సంక్లిష్ట వాక్యంగా మార్చమనే బిట్టు ఎలాగూ ఉంటుంది. ఎవరో రాముడు అన్నం తిని బడికి వెళ్లే వాక్యాల బదులు అక్కడ ఒక్క చిన్న వాక్యం ఇవ్వండి. 'పూత నిలవలేదు' అనో, 'తోట కొట్టేశారు' అనో. ఎవరి తోట, ఎందుకు అని కింద రెండు ప్రశ్నలు వేసి ఒకే వాక్యంలో జవాబు రాయమనండి. మామిడి కొట్టేసి ఆయిల్ పామ్ వేసినవాళ్లు ఈ పిల్లల ఇళ్లలోనే ఉన్నారు. ఈ పిల్లలేం రాస్తారో చదవాలని నాకుంది.