లేచి వెళ్ళలేని శ్రోత: వృద్ధాశ్రమంలో పాటల ఎంపిక

1. విషయ ప్రవేశం

ఇంతకుముందు పాఠాలలో మీరు పాటను సాహిత్యంగా పరిశీలించారు. పల్లవి, చరణాల నిర్మాణం, రసం, భావచిత్రం వంటి అంశాలు తెలుసుకున్నారు. ఈ పాఠంలో మనం ఒక పాటను కాక పాటల జాబితాను పరిశీలిస్తాం. ఒక సభలో పాడడానికి ఏ పాటలు తీసుకున్నారు, ఏవి వదిలేశారు అన్నది కూడా సాహిత్య నిర్ణయమే. కాబట్టి దాన్ని కూడా విమర్శకు పెట్టవచ్చు.

ఇందుకు వృద్ధాశ్రమాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 ఏళ్ళు నిండినవారిని వయోవృద్ధులుగా గుర్తించింది. ఆ చట్టంలోని 19వ సెక్షన్ వృద్ధాశ్రమాల స్థాపన గురించి చెబుతూ, అక్కడివారికి వైద్య సంరక్షణతో పాటు వినోద సాధనాలు కూడా ఉండాలని ప్రస్తావించింది. మందుల విషయంలో ఎవరికి ఏది ఇవ్వాలో చూసి ఇస్తాం. పాట విషయంలో మాత్రం ఆ జాగ్రత్త కనిపించదు.

సినిమా హాలులో పాట నచ్చకపోతే ప్రేక్షకుడు లేచి బయటకు వెళ్తాడు. రేడియో అయితే కట్టేస్తాడు. వృద్ధాశ్రమం హాలులో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టిన మనిషికి ఆ అవకాశం లేదు. పాడడానికి వచ్చిన పిల్లలు నొచ్చుకుంటారన్న మొహమాటం ఒకటి, నిర్వాహకులు ఏమనుకుంటారో అన్న బెరుకు ఒకటి. నచ్చినా నచ్చకపోయినా చివర చప్పట్లు కొడతారు. అందువల్ల అక్కడి చప్పట్లను బట్టి ఎంపిక మంచిచెడులు తేల్చలేం. ఈ పాఠంలోని వాదమంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: శ్రోతకు లేచి వెళ్ళే వీలు లేనప్పుడు, ఎంపిక చేసేవారి బాధ్యత పెరుగుతుంది.

2. అలవాటైన జాబితా

విద్యార్థి బృందాలు, సేవా బృందాలు వృద్ధాశ్రమాలలో ఇచ్చే కార్యక్రమాల జాబితాలు చాలావరకు ఒకే తీరులో ఉంటాయి. ముందు ఒక ప్రార్థన. తరువాత జీవితం అశాశ్వతమని చెప్పే తత్త్వం. ఆపైన 'దేవదాసు' కాలపు విషాద గీతం ఒకటి. తల్లి త్యాగాన్ని కీర్తించే సినిమా పాట తప్పనిసరి. చివర ఒక దేశభక్తి గీతం.

ఈ పాటలలో దేనికదే మంచి పాట కావచ్చు. వాటిని ఒక వరుసలో పెట్టినప్పుడు వచ్చే అర్థాన్ని మనం చూడాలి. ఆ వరుస శ్రోతతో, 'మీ కాలం అయిపోయింది, ఇక దైవధ్యానం చేసుకోండి, మీరు పిల్లల కోసం ఎంత కష్టపడ్డారో తలుచుకోండి' అంటుంది. ప్రేమ, చిలిపితనం, కోపం, శృంగారం, ఎగతాళి ఇవేవీ ఆ జాబితాలో లేవు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషికి ఇవి అక్కరలేదని ఎవరు తేల్చారు?

తల్లి పాట విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఆ పాటకు హాలులో చాలామంది కళ్ళు తుడుచుకుంటారు. కార్యక్రమం విజయవంతమైందని బృందం సంతోషిస్తుంది. మీరు చదివిన రససిద్ధాంతాన్ని ఇక్కడ గుర్తు చేసుకోండి. కరుణరసం మనకు ఆనందం ఎందుకు ఇస్తుంది? భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం వల్ల. రంగస్థలం మీది దుఃఖం ఫలానా వ్యక్తి సొంత దుఃఖంగా కాక అందరికీ చెందిన భావంగా మారుతుంది. అందుకే సహృదయుడు దాన్ని ఆస్వాదించగలుగుతాడు. కొడుకు చేతులమీదుగా ఆశ్రమంలో చేరిన తల్లి ఎదుట తల్లి త్యాగం పాట పాడితే ఆ దూరం నిలవదు. పాటలోని దుఃఖం ఆమె సొంత దుఃఖంగానే మిగిలిపోతుంది. అప్పుడు ఆమె పెట్టే కన్నీరు రసానుభూతి కాదు, నొప్పి. రెండింటినీ ఒకటిగా లెక్కించడం విమర్శలో పొరపాటు.

'అయితే విషాద గీతం పాడనే కూడదా?' అని మీరు అడగవచ్చు. పాడవచ్చు. వారు అడిగితే తప్పక పాడాలి. తన దుఃఖానికి తగిన పాటను తానే కోరుకున్న శ్రోత వేరు, చెప్పాపెట్టకుండా ఆ పాట వినవలసి వచ్చిన శ్రోత వేరు.

3. వయసు లెక్క

'పాత పాటలు' అనే మాట చాలా గందరగోళానికి కారణం. జ్ఞాపకశక్తిని అధ్యయనం చేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించిన విషయం ఒకటుంది. వృద్ధాప్యంలో మనిషికి ఎక్కువగా, స్పష్టంగా గుర్తుకు వచ్చేవి సుమారు 10 నుంచి 30 ఏళ్ళ మధ్య జరిగిన సంగతులు. దీన్ని పాటలకు అన్వయించి చూడండి.

2025లో 90 ఏళ్ళున్న వ్యక్తి 1935లో పుట్టారు. 'మల్లీశ్వరి' (1951) వచ్చేనాటికి ఆయనకు 16 ఏళ్ళు, 'దేవదాసు' (1953) నాటికి 18, 'మాయాబజార్' (1957) నాటికి 22. ఆయన పక్కన కూర్చున్న 65 ఏళ్ళ మహిళ 1960లో పుట్టారు. 'దేవదాసు' ఆమె పుట్టకముందు వచ్చిన సినిమా. ఆమెకు 20 ఏళ్ళప్పుడు వచ్చింది 'శంకరాభరణం' (1980). వీరిద్దరి మధ్య తండ్రికీ కూతురికీ ఉండేంత తేడా ఉంది. మనం మాత్రం ఇద్దరినీ 'వృద్ధులు' అనే ఒకే మాట కింద చేర్చి ఒకే పాట వినిపిస్తున్నాం.

ఈ లెక్కకు పరిమితి కూడా ఉంది. రేడియో, పెళ్ళిపందిరి మైకు పాత పాటలను తరువాతి తరానికి అందించాయి. ఆ 65 ఏళ్ళ మహిళ ఘంటసాల పాటను తండ్రి పక్కన కూర్చుని వినివుండవచ్చు. అప్పుడది ఆమెకు యౌవనపు పాట కాదు, తండ్రిని గుర్తుచేసే పాట. కాబట్టి వయసు లెక్క ఎంపికకు ప్రారంభం మాత్రమే.

4. ఇంటి భాష, పాట భాష

ఇప్పుడు హైదరాబాదు పాతబస్తీ సంగతి చూద్దాం. గౌలిపురా, లాల్ దర్వాజా, ఉప్పుగూడ ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. దబీర్‌పురా, దారుల్‌షిఫా వైపు ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఎక్కువ. మరాఠీ, కన్నడ, మార్వాడీ మాట్లాడేవారూ తరాలుగా ఉన్నారు. ఇక్కడి మనుషులు చేరిన ఆశ్రమంలో ఒకే భాష పాటలు పాడితే కొందరు పరాయివారైపోతారు.

పేరు చూసి భాషను ఊహించడం కూడా సరికాదు. నిజాం పాలనలో ఉర్దూ రాజభాష. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. 1930లలో పాతబస్తీ తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడు బడిలో ఉర్దూ చదివివుండవచ్చు, గజల్‌ను ఇష్టంగా విని పెరిగివుండవచ్చు. అలాగే ఉర్దూ మాట్లాడే ఇంటి మహిళ ఇరుగుపొరుగున బతుకమ్మ పాటలు, బోనాల పాటలు వింటూ పెరిగివుండవచ్చు. ఇంట్లో మాట్లాడిన భాష, మనసులో నిలిచిన పాట భాష ఒకటే కానక్కరలేదు.

కాలాన్నీ గమనించాలి. మొహర్రం నెలలో షియా కుటుంబాలవారు సంతాపంలో ఉంటారు. ఆ రోజుల్లో వారి ఎదుట వినోద గీతాలు పాడకూడదు. మర్సియా, నౌహా శోకగీతాలు. వాటిని 'వైవిధ్యం కోసం' కార్యక్రమంలో ఒక అంశంగా చేర్చడమూ తగదు. వాద్యాలు వద్దనుకునేవారు కూడా కొందరుంటారు. ముందుగా అడిగి తెలుసుకోవడమే మార్గం.

5. భక్తి పాటలన్నీ ఒకటి కావు

వృద్ధులకు భక్తి పాటలు పాడడం తప్పు కాదు. చాలామంది వాటినే కోరుకుంటారు. అయితే ఎలాంటి భక్తి అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

పాతబస్తీకి దగ్గరి సంబంధం ఉన్న రామదాసు కీర్తనలనే తీసుకోండి. కంచర్ల గోపన్న గోల్కొండ తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు. ఆ మంత్రుల పేరుతో ఉన్న ఆలయం శాలిబండ దగ్గర హరిబౌలిలో నేటికీ ఉంది. భద్రాచలంలో గుడి కట్టించినందుకు గోపన్న గోల్కొండ కోటలో ఖైదు అనుభవించాడు. ఆయన కీర్తనలలో శరణాగతి ఉంది, దాని పక్కనే నిలదీత కూడా ఉంది. చేయించిన నగలకు ఎంత ఖర్చయిందో దేవుడికి లెక్క చెబుతాడు. కోపగించుకుంటాడు. ఆ వెంటనే బాధకు ఓర్వలేక అలా అన్నానని క్షమాపణ కోరుతాడు.

జీవితమంతా ఇంటికి చాకిరీ చేసి, చివరకు ఆశ్రమంలో చేరిన మనిషికి ఈ కీర్తన ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. అశాశ్వత తత్త్వం అతన్ని ఊరుకోమంటుంది. రామదాసు కీర్తన అతనికి లెక్క అడిగే హక్కు ఇస్తుంది. రెండూ భక్తి పాటలే అయినా శ్రోతకు అవి ఇచ్చే స్థానం వేరు. నా అభిప్రాయంలో వృద్ధాశ్రమానికి రెండవ రకమే మేలైన ఎంపిక.

6. ఒకే పాట వెనుక రెండు కథలు

పాతబస్తీ శ్రోతల కోసం ఎవరైనా వెంటనే ఎంచుకోదగిన పాట ఒకటుంది. మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) రాసిన గజల్ అది. మఖ్దూం మెదక్ ప్రాంతంలోని అందోలులో పుట్టాడు. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో ఉర్దూ బోధించాడు. కమ్యూనిస్టు ఉద్యమ నాయకుడయ్యాడు. పూలను, రాత్రిని తలుచుకుంటూ సాగే ఆ గజల్‌ను 'బజార్' (1982) సినిమాలో ఖయ్యాం స్వరపరచగా లతా మంగేష్కర్, హైదరాబాదుకు చెందిన తలత్ అజీజ్ పాడారు.

స్థానిక కవి, స్థానిక గాయకుడు, సున్నితమైన శృంగారం. ఎంపికకు ఇంతకంటే ఏం కావాలనిపిస్తుంది. సినిమా కథ మాత్రం వేరు. హైదరాబాదు పేద ముస్లిం కుటుంబంలోని అమ్మాయిని ఆమె ఇష్టపడిన యువకుడికి దూరం చేసి, గల్ఫ్ నుంచి వచ్చిన పెద్ద వయసు ధనికుడికి కట్టబెడతారు. ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంటుంది. పాతబస్తీలో ఇలాంటి పెళ్ళిళ్ళు నిజంగా జరిగాయి. ఆ కథను దగ్గరగా చూసిన మహిళ ఈ ఆశ్రమంలోనే ఉండవచ్చు. ఆమెకు ఆ గజల్ పూలను గుర్తుచేస్తుందో, ఆ అమ్మాయిని గుర్తుచేస్తుందో మనం ముందుగా చెప్పలేం.

అందుకని ఆ పాటను వదిలేయాలా? అక్కరలేదు. సినిమాకంటే ముందే ఉన్న మఖ్దూం గజల్‌గా దాన్ని పరిచయం చేసి, పాడమంటారా అని అడగవచ్చు. ఎవరైనా వద్దంటే అక్కడితో ఆపి వేరే పాట అందుకోవాలి. పాట సాహిత్యాన్ని మాత్రమే చూసి ఎంచుకున్నవారికి ఈ జాగ్రత్త తట్టదు. పాట ఏ కథతో కలిసి జనంలోకి వెళ్ళిందో కూడా తెలుసుకోవాలి.

7. వినిపించే పాట, పాడించే పాట

వయసు పెరిగేకొద్దీ ముందుగా తగ్గేది హెచ్చు స్థాయి శబ్దాలను వినే శక్తి. మాటలోని అనేక హల్లుల స్పష్టత ఆ శబ్దాల మీదే ఆధారపడుతుంది. కాబట్టి సౌండ్ బాక్సు పెంచితే రొద పెరుగుతుంది కాని మాట తెలియదు. వాద్యాలు తగ్గించి, నెమ్మదిగా, మాట తెలిసేలా పాడాలి. సుశీల, లత పాడిన శ్రుతిలోనే పాడితే శ్రోతలు గొంతు కలపలేరు. రెండు మూడు మెట్లు దించి పాడితే కలుపుతారు.

గొంతు కలపడానికి అనువైన పాటలు మన జానపద సంప్రదాయంలోనే ఉన్నాయి. బతుకమ్మ పాటలో ఒకరు చెబితే మిగిలినవారు అందుకుంటారు. పాట మొత్తం గుర్తులేనివారు కూడా పల్లవి మాట అనగలరు. పాతబస్తీ ముస్లిం ఇళ్ళలో పెళ్ళిళ్ళప్పుడు ఆడవారు దక్కనీ భాషలో పాడుకునే 'ఢోలక్ కే గీత్' కూడా ఇలాంటివే. వాటిలో వియ్యపురాలిని ఆటపట్టించే పాటలున్నాయి. తెలుగు పెళ్ళి పాటలలోనూ వియ్యాలవారి మీద ఎగతాళి ఉంది. ఒక తెలుగు పాటకు ఒక దక్కనీ పాట జవాబుగా పెడితే రెండు భాషలవారూ కలిసి నవ్వుకుంటారు. పైగా ఆ పాటలు మీకంటే వారికే బాగా వచ్చు. అప్పుడు మీరు శ్రోతలవుతారు.

ఎంపికకు ముందు వారితో మాట్లాడండి. 'ఏ పాట ఇష్టం?' అని అడిగితే, 'ఏదో ఒకటి పాడు బిడ్డా' అంటారు. అందుకు బదులు, 'పెద్దమ్మా, మీ పెళ్ళిలో ఏం పాడారు?', 'మొదటి సినిమా ఏ టాకీసులో చూశారు?', 'వినకూడదనుకునే పాట ఏదైనా ఉందా?' అని అడగండి. మీ జాబితాకు కావలసిన సమాచారం ఆ జవాబులలో ఉంటుంది.

8. సారాంశం

పాటల ఎంపిక సాహిత్య విమర్శలో భాగం. ఒక జాబితా తన శ్రోతలను ఎవరిగా చూస్తోందన్నది దాన్ని విమర్శించేటప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న. వృద్ధాశ్రమ శ్రోతకు లేచి వెళ్ళే వీలు లేదు కనుక కన్నీరు, చప్పట్లు కొలమానాలు కావు. వయసు, భాష, కాలం, పాటతో ముడిపడిన కథ, గొంతు కలిపే వీలు అనే అయిదు అంశాలను పరిశీలించాలి. ఒక పాట వద్దనే హక్కు శ్రోతకు కల్పించని ఎంపిక, ఎంత చక్కగా పాడినా, లోపంతో కూడినదే.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. వృద్ధాశ్రమంలో తల్లి పాటకు వచ్చే కన్నీటిని కరుణరసానుభూతిగా ఎందుకు లెక్కించలేం? సాధారణీకరణం ఆధారంగా వివరించండి.

2. అశాశ్వత తత్త్వానికీ రామదాసు కీర్తనకూ శ్రోతకు ఇచ్చే స్థానంలో ఉన్న తేడాను చర్చించండి. రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?

3. మీ ఇంట్లో లేదా వీధిలో 65 ఏళ్ళు దాటిన ఇద్దరితో మాట్లాడి, వారికోసం ఆరు పాటల జాబితా తయారుచేయండి. ప్రతి పాటకు కారణం రెండు వాక్యాలలో రాయండి. వారు వద్దన్న పాటలను, అందుకు వారు చెప్పిన కారణాలను కూడా చేర్చండి.