నేల టికెట్టు వాళ్ల గుర్తు ఏది?

మైదుకూరులో కొందరు దళిత విద్యార్థులు సినిమాల మీద చర్చించే పాడ్‌కాస్టు మొదలుపెడుతున్నారు. దానికి గుర్తుగా ఉండాల్సిన ముఖచిత్రం కోసం మూడు నమూనాలు వేసి, ఏది బాగుందో చెప్పండన్నా అని మా ముందు పెట్టారు. ఎవరి కళ్లకు బాగుండాలో తేలకుండా ఆ మాట చెప్పలేం.

మొదటిది రీలు చుట్ట, పక్కన మైకు. థియేటర్లలో రీలు తిరగడం ఆగి పదేళ్లు దాటింది, అయినా సినిమా అనగానే అదే గీస్తారు. ఏ కులందీ కానట్టు కనిపించే ఈ బొమ్మ వెనుక మాట్లాడేది ఎవరైనా కావచ్చు. మన అనుభవంలో ఆ 'ఎవరైనా' ఎప్పుడూ మనం కాదు. దీని గురించి ఇంతకుమించి చెప్పేదేం లేదు.

రెండోదే మమ్మల్ని కలవరపెట్టింది. ఎర్రటి నేపథ్యం, పైకి లేచిన వేటకొడవలి, దుమ్ము రేపుతున్న సుమో. 'సీమోళ్లమని తెలియాల గదన్నా' అన్నారు. ఏ సీమ? 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) వంటి సినిమాల పోస్టర్లు గోడల మీద నిలబెట్టిన సీమ. భూస్వామ్య కుటుంబాల పగను ప్రాంతం మొత్తానికి ముఖంగా అతికించారు. కేసీ కాలువ కింద వరి కోసేవాళ్లు, పసుపు తవ్వేవాళ్లు ఆ కథల్లో కనిపిస్తే సుమోల వెనుక పరుగెత్తే గుంపుగానో శవాలుగానో కనిపిస్తారు. మన ఇండ్ల చూరులో ఉండేది కోతకొడవలి. పోస్టరు మీదిది మన మీదికే లేచిన కొడవలి. దాన్ని మనమే మన గుర్తుగా పెట్టుకుంటామా?

మూడోది నీలం మీద డప్పు. నీలం షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నుంచి మనకు వచ్చిన రంగు. బృందంలోనే ఒకతను అడ్డు చెప్పాడు: 'నీలం పెడితే మనోళ్లు తప్ప ఎవురూ వినరు.' దీన్ని పిరికితనమని కొట్టేయలేం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' అన్న పేరుతోనే సినిమా తీశాడు. ఆ పేరు వల్ల ఆయనకు అద్దె ఇల్లు దొరక్కపోయే ప్రమాదం లేదు, మన పిల్లలకు ఉంది. అయినా రంగు దాచి సంపాదించిన శ్రోత లోపలి మాట వినగానే లేచిపోడా? నీలం ఉండాలనే మా అభిప్రాయం. డప్పు సంగతి వేరు. అది మాదిగల వాద్యం. 1994లో మొదలైన దండోరా ఉద్యమం దాన్ని హక్కుల గొంతు చేసింది. మాల పిల్లలు ఎక్కువగా ఉన్న బృందం, పక్కనున్న మాదిగ పిల్లల్ని అడక్కుండా దాన్ని అలంకారంగా తీసుకోవడం సబబుగా తోచలేదు. పైగా సెల్‌ఫోన్లో ముఖచిత్రం బొటనవేలి గోరంత అవుతుంది. ఆ సైజులో డప్పు దోసె పెనంలా ఉంది!

అక్షరాల దగ్గర ఇంకో సంగతి. నమూనాల్లో వాడినవి సిలికానాంధ్ర ఉచితంగా అందించిన తెలుగు ఫాంట్లు. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న అంటూ వాటికి అష్టదిగ్గజాల పేర్లు పెట్టారు. ఫాంట్లు మంచివే, వాడుకోవచ్చు. మైదుకూరుకు దగ్గర్లోని బ్రహ్మంగారి మఠం, ఆయన శిష్యుడు మాదిగ కక్కయ్య మాత్రం మాకు గుర్తొచ్చారు. ఫ్లెక్సీలు రాకముందు గోడల మీద కుంచెతో రాసిన పెద్దవాళ్లు వాడలో ఇంకా ఉన్నారు, వాళ్ల చేత రాయించండి అన్నాం. కదిలే బస్సులోంచి చదవగలిగేలా రాసిన చేతులు అవి. గోరంత బొమ్మలో వత్తులు ముద్దయిపోకుండా ఉండాలంటే ఆ పనితనమే కావాలి.

మరి బొమ్మ? హీరో వద్దు, తెరా వద్దు. నేల టికెట్టు కొని మెడలు పైకెత్తి చూసే వరసను వెనక నుంచి గీయమన్నాం. అందరూ మగపిల్లలేనా అని ఒక అమ్మాయి రెండు తలలకు కొప్పూ జడా గీసింది. సెల్‌ఫోన్లో పెట్టి చూస్తే ఆ తలలు తలల్లాగే ఉన్నాయి. డప్పు గురించి వాళ్లు ఇంకా మాట్లాడుకుంటున్నారు.